పది కిలోల కొప్పు

మా ఫర్నేసు కంపెనీలో నన్ను ఎదురుగా మేడం గారనీ, చాటుగా కాటా అనీ పిలిచేవారు. రెండో పేరు నాకు తెలియదని చాలా ఏళ్లు అనుకున్నారు, పాపం. నాకు అదే నచ్చేది. మేడం గారంటే ఎవరైనా కావచ్చు. కాటా అంటే నేనొక్కదాన్నే.

నా పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. పాత ఇనుము లారీల్లో వస్తుంది. దాన్ని కరెంటు కొలిమిలో కరిగించి దిమ్మెలు పోస్తారు. లారీకీ కొలిమికీ మధ్య నేను నిలబడతాను. వచ్చిన సరుకులో ఇనుమెంత, మట్టెంత, మోసమెంత చూసి, పనికొస్తే లోపలికి, లేకపోతే వెనక్కి. వెనక్కి పంపే సరుకు విషయంలో ఒక రూలు ఉండేది. రిజెక్టయిన సరుకును ఇచ్చినవాళ్లే స్వయంగా వచ్చి పట్టుకెళ్లాలి. డ్రైవరునో, దారిన పోయేవాణ్ణో పంపితే గేటు తెరవరు. ఆ రూలు పెట్టింది నేనే. తన సరుకును తనే మోసుకుపోయిన మనిషి మళ్లీ అలాంటిది తేడని నా నమ్మకం. ఈ మధ్య ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చి, అంత కచ్చితంగా ఎలా ఉన్నారండీ అని అడుగుతుంటారు. ఉన్నాను, నిజమే. ఆ రూలు నన్ను ఏం చేసిందో కూడా వినండి.

2001 వర్షాకాలం. ఊళ్లో ఫర్నేసులన్నీ ఒకే తుక్కు కోసం కొట్టుకుంటున్నాయి. మా మేనేజరు గారిది గోదావరి జిల్లా. ఎంత కష్టమొచ్చినా ముందు కాఫీ తాగి తర్వాత కంగారుపడే మనిషి. ఒకరోజు కాఫీ తాగకుండానే నా దగ్గరికి వచ్చారు.

"మేడం గారూ, టైరు తీగ సంగతి ఏమంటారండీ?"

"చూస్తే గానీ చెప్పలేనండీ."

"అదేనండీ మీతో. ఆయ్ అని ఒక్కసారి అనరు కదా!"

లారీ టైరు చక్రాన్ని పట్టుకునే అంచు దగ్గర, రబ్బరు లోపల, ఉక్కు తీగల చుట్ట ఒకటి ఉంటుంది. పోర్టు లారీలు అరగదీసిన టైర్లలో మరేదీ వృథా పోదు. రబ్బరుతో చెప్పులు చేస్తారు, బొక్కెనలు చేస్తారు. కొన్ని టైర్లు మరబోట్ల పక్కన వేలాడుతూ గట్టు దెబ్బలు కాసుకుంటాయి. ఎవరికీ అక్కర్లేకుండా మిగిలేది ఆ తీగ చుట్టే. దాన్ని బయటికి తీయడానికి రెండు దారులు. ఒకటి, కుప్ప పోసి తగలబెట్టడం. పద్మనాభం వైపు పొలాల మధ్య ఒక కాంట్రాక్టరు అదే చేసేవాడు. తీగ వచ్చేది, దాంతోపాటు బూడిద, ఇసుక, ఊరంతా పొగ వచ్చేవి. రెండోది, చేత్తో రబ్బరు కోసి తీయడం. హార్బరు దగ్గర ఒక టైర్ల యార్డులో కొందరు జాలరి ఆడవాళ్లు ఆ పని చేస్తున్నారు. చేపలు కోసిన కత్తులతోనే రబ్బరునూ కోసేవారు.

వాళ్లలో పెద్దావిడను అందరూ పెద్దక్క అనేవారు. పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మి, బుట్ట మోసి మోసి మోకాళ్లు అరిగాక ఈ పనిలోకి దిగింది. మిగతావాళ్లందరూ ఆవిడ పిలిస్తే వచ్చినవాళ్లే. యార్డు యజమాని ఆవిడకు ఒకే మాట చెప్పాడు. మీ తీగను ఏదైనా ఫర్నేసు వాడుకగా తీసుకుంటే మీకు పని ఉంటుంది, లేదంటే చుట్టలన్నీ ఆ కాల్చేవాడికే ఇచ్చేస్తాను, మీరు కత్తులు సర్దుకోండి అని. ఇదంతా పెద్దక్క నాతో మొదటి పరిచయంలోనే చెప్పింది. చెప్పి, నా ముందు ఒక బస్తా గుమ్మరించింది.

నేను వంగి ఒక్కో తీగా చూశాను. అక్కడక్కడా గోరంత రబ్బరు అంటుకుని ఉంది.

"ఇది వెనక్కి పట్టుకెళ్లమ్మా. రబ్బరుంది."

"కూసింత రబ్బరుంటే ఏటవుద్దమ్మా?"

"పొగ వస్తుంది."

"పొయ్యిలోంచి పొగ రాకపోతే మరేటొత్తాది?"

వెనకాల నవ్వులు వినిపించాయి. నేను రూలు చెప్పాను. ఆవిడ బస్తా నెత్తికెత్తుకుంది. గేటు దగ్గర ఆగి, "పెళ్లిసూపుల్లో కూడా నన్నింత సూడలేదు" అంది. అదీ ప్రారంభం.

రెండోసారి తెచ్చిన తీగ శుభ్రంగా ఉంది. కాటా మీద పెట్టించాను. తీగ చూస్తే కొంచెమే ఉంది, ముల్లు చూస్తే బాగా ముందుకు పోయింది.

"పెద్దక్కా, తియ్యి."

"సెయ్యేదీ ఎట్టలేదమ్మా. సూడు, రెండూ ఇక్కడే ఉన్నాయి."

"చెయ్యి కాదు. కాలు."

కాటా పలక అంచు మీద ఆనించిన కాలి బొటనవేలిని ఆవిడ చాలా నిదానంగా, దానంతటది అక్కడికి వచ్చిందన్నట్టు వెనక్కి తీసుకుంది. "అలవాటమ్మా. మార్కెట్లో నిలబడ్డ కాలు ఊరికే ఉండదు" అంది. ఎప్పుడూ బిగుసుకుని ఉండే నా మొహం ఆ రోజు కొంచెం సడలిందని గేటు వాచ్‌మన్ తర్వాత వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

నా దగ్గర గట్టెక్కిన తీగ మేస్త్రీ దగ్గర మునిగింది. మా కొలిమి మేస్త్రీ పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పొద్దున్నే వరిచేను చూసుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, డ్యూటీకి ఎప్పుడూ వేళకు ముందే దిగేవాడు. కరిగిన ఉక్కు రంగు చూసి దాని మనసులో మాట చెప్పగలడు. మనుషులతో మాత్రం ఒక్క మంచిమాట మాట్లాడింది నేను వినలేదు.

"ఇది తీగ కాదు మేడం గారూ, సవరం. సవరం అట్టుకొచ్చి నా కొలిమిలో ఎట్టమంటారేటి?"

ఆయన కోపంలో న్యాయముంది. విడి తీగ కరిగిన ఉక్కులోకి దిగదు. వెంట్రుకల్లా పైన తేలుతుంది, సగం అక్కడే కాలి తుప్పై పోతుంది. కాల్చినవాడి తీగ మెత్తబడి ఉంటుంది కాబట్టి ట్రాక్టరుతో తొక్కిస్తే ముద్దవుతుంది. అందుకని మేస్త్రీకి అదే ఇష్టం.

"ఆ పొగ నీ సేను మీదికే కదా మరిదీ వొత్తంది?" అని పెద్దక్క గేటు దగ్గర నిలబడి అడిగింది. వచ్చిన రెండో రోజు నుంచే ఆయన్ను మరిది అనడం మొదలుపెట్టింది.

"నా సేను మీద పడదొదినా. పక్కోడి సేను మీద పడ్డాది."

"గాలి తిరిగితే?"

"తిరిగినప్పుడు సూద్దాం."

మేనేజరు గారిని తీగ నొక్కే ప్రెస్సు కొనమని అడిగాను. ఆయన కాఫీ తెప్పించారు. కొననని అర్థం. అయితే చేత్తోనే ముద్ద చేయాలి. ఎంత బరువుండాలో నేను లెక్క వేశాను. పది కిలోలు. అంతకు తగ్గితే ముద్ద ఉక్కు మీద తేలి ఆడుతుంది. పెరిగితే ఎత్తిపోసే కుర్రాళ్ల నడుం విరుగుతుంది. తొమ్మిదిన్నర తెచ్చినా వెనక్కే అని చెప్పాను.

ఆడవాళ్లు యార్డులో కూర్చుని తీగను వేలికి, మోచేతికి, చివరికి మోకాలికి చుట్టి చూశారు. ఆ తీగ లారీ బరువుకే లొంగనిది, వీళ్లకు లొంగుతుందా? ఒకరు చుట్టుతుంటే ఇద్దరు ఎక్కి తొక్కారు. వలను పడవలో సర్దినట్టు పొర మీద పొర వేసి, ఊపిరి బిగించి నొక్కి, పైన వల దారంతో కట్టారు. ఆ ముడులు చూసి తీరాలి. లాగినకొద్దీ బిగుస్తాయి. అలా తయారైన ముద్దకు వాళ్లే కొప్పు అని పేరు పెట్టారు. సవరం అన్న మేస్త్రీకి అదే జవాబు.

మొదటి లారీ కొప్పులు కాటాలో పాసయ్యాయి, రబ్బరులో పాసయ్యాయి. నేను చూశాను, మేనేజరు గారు చూశారు, మేస్త్రీ కాలితో తన్ని మరీ చూశాడు. దారం నైలానుదని ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది. ఒక్కరికీ తట్టలేదు.

కుర్రాళ్లు మొదటి కొప్పును కొలిమి నోటి దగ్గర పెట్టారు. మేస్త్రీ పొడుగాటి కడ్డీతో లోపలికి నెట్టబోయాడు. ఆ సెగకు నైలాను దారం కరిగిపోయింది. అన్నాళ్లూ అణిచిపెట్టిన తీగ ఒక్కసారిగా విప్పుకుని లేచి నిలబడింది. దాని కొస ఒకటి గాలిలో తిరిగి మేస్త్రీ మెడలోని తువ్వాలును కొక్కెంలా పట్టుకుంది. మేస్త్రీ తెలివైనవాడు. మెడ వెనక్కి తీసుకుని తువ్వాలును వదిలేశాడు. అది కొలిమిలో పడి ఒక్క మంట మండి మాయమైంది.

అందరం పరుగెత్తాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేస్త్రీ నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "మా అల్లుడు ఉగాదికెట్టిన తువ్వాలు!"

రెండో మాట మేనేజరు గారితో. "ఈ కొప్పులు నా కొలిమి గడప తొక్కడానికి ఈల్లేదు. కాల్చినోడి తీగ తెప్పించండి. లేదంటే ఇంకో మేస్త్రీని సూసుకోండి."

మేనేజరు గారు నావైపు చూశారు. "ఇంకొక్క హీటు మేడం గారూ. అంతేనండీ నా చేతిలో ఉన్నది. అదీ తిరగబడిందంటే కాల్చేవాడికే ఆర్డరు." హీటు అంటే కొలిమి ఒకసారి నిండి కరిగి ఖాళీ అయ్యే వాయి. పెద్దక్కకీ ఆవిడ మనుషులకీ మిగిలింది అదొక్కటే.

రూలు ప్రకారం లారీలో మిగిలిన కొప్పులన్నీ రిజెక్టు. పట్టుకెళ్లడానికి పెద్దక్కే రావాలి. కబురందుకుని మధ్యాహ్నానికి వచ్చింది. వేళాకోళమాడలేదు. గేటు పక్కన నీడలో ఒక కొప్పును ఒళ్లో పెట్టుకుని ముడిని తిప్పి తిప్పి చూసింది.

"నా ముడి జారిందా అమ్మా?"

"జారలేదు. దారం కరిగింది."

"అదే అంతన్నాను. సముద్రం వల్ల కాలేదు, నీ కొలిమి వల్ల ఏటవుద్ది అని." ముడి పరువు దక్కినందుకు కొంచెం ఊపిరి పీల్చుకుని, వెంటనే అసలు సంగతి గుర్తొచ్చి మళ్లీ కుంగిపోయింది. "మరి దేంతో కట్టాలమ్మా? ఈ తీగతోనే కడదామంటే ఇది వొంగదు. వొంగినా నిలవదు. మా వోళ్లకి ఏటని సెప్పను?"

ఏ సరుకు ఎందుకు పనికిరాదో చెప్పడమే నాకు బాగా తెలిసిన పని.

అప్పుడు మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు. ఉత్త మెడతో చూడటానికి ఏదోలా ఉన్నాడు.

"ఏటొదినా, కొప్పు ఇప్పుకుందంట?"

"నీ తువ్వాల కోసం ఇప్పుకుంది మరిదీ. సూడముచ్చటగా ఉందని."

"నవ్వు, నవ్వు. తీగంటే ఎలాగుండాలో సూపిత్తాను రా." పక్కనే ఆ కాంట్రాక్టరు నమూనాకు పంపిన కాలిన తీగ కుప్ప ఉంది. మేస్త్రీ అందులోంచి ఒక పోగు లాగి, టీ గ్లాసు నా చేతికిచ్చి, దాన్ని తన చూపుడువేలికి ఉంగరంలా చుట్టాడు. "సూసినావా? పెళ్లాం కన్నా నయం. సెప్పినట్టు ఇంటాది. నీ తీగ ఇంటాదా?"

పెద్దక్క ఆ వేలివంకే చూస్తోంది. తర్వాత లేచి వెళ్లి ఆ వేలి మీది తీగను విప్పదీసుకుంది. వంచింది. మెలిపెట్టింది. ఒక ముడి వేసింది. ముడి నిలబడింది.

"అమ్మా, కాలితే ఇది మెత్తబడతాదా?"

"ఎర్రగా కాలి, నెమ్మదిగా చల్లారితే మెత్తబడుతుంది" అన్నాను. అది నాకు తెలిసిన సంగతే. నాలుగు రోజులుగా ఆ కుప్ప నా ఎదురుగానే ఉంది.

"మరైతే తీగంతా కాల్చడం దేనికి? కట్టడానికి సరిపడా కాలిత్తే సాలు కదా." మేస్త్రీవైపు తిరిగింది. "నీ నోరు సల్లగుండ మరిదీ. నోరు మూసుకున్నావంటే మాకు దారి దొరికేది కాదు."

మేస్త్రీ తన ఉత్త వేలిని చూసుకుని, నా చేతిలోంచి గ్లాసు లాక్కుని లోపలికి పోయాడు.

ఆ తర్వాతి నాలుగు రోజులూ పెద్దక్క పేటలో ఇంటింటా అన్నం వండిన పొయ్యిల్లో ఒక్కో గుప్పెడు తీగ ఎర్రగా కాలింది. నిప్పుల్లోనే వదిలేసి పైన బూడిద కప్పేవారు. తెల్లారి తీస్తే నల్లగా, దారంలా మెత్తగా వచ్చేది. ఒకావిడ కోడలు తెలియక ఆ బూడిదతోనే గిన్నెలు తోమి, గిన్నెలన్నీ గీతలు చేసుకుందట. అత్తాకోడళ్ల ఆ గొడవ యార్డులో చాలాకాలం నడిచింది.

చివరి హీటు రోజు పెద్దక్క లారీతోపాటే వచ్చింది. కొలిమి దగ్గరికి బయటివాళ్లను రానివ్వరు. గేటు దగ్గరే నిలబడింది. అక్కడి నుంచి కనిపించేది షెడ్డు పైకప్పు సందులోంచి వచ్చే పొగ ఒక్కటే. నల్లగా వస్తే రబ్బరు మిగిలిందన్నమాట.

నేను ప్రతి కొప్పునూ కాటా మీద పెట్టాను. పెద్దక్క దూరం నుంచి తన రెండు కాళ్లూ చూపించింది. అన్నిటికన్నా పైనున్న కొప్పు మీద ఒక కాగితం పొట్లం కట్టి ఉంది. విప్పితే కొత్త తువ్వాలు. మేస్త్రీ దాన్ని చూసి, "లంచమేటి?" అన్నాడు. తీసుకున్నాడు. మెడలో మాత్రం వేసుకోలేదు. ఈసారి దూరంగా, గోడకున్న మేకుకు తగిలించి వచ్చాడు.

మొదటి కొప్పు కొలిమి నోటి దగ్గరికి వచ్చింది. కుర్రాళ్లు వెనక్కి జరిగారు. మేనేజరు గారు నా వెనక్కి జరిగారు. మేస్త్రీ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు, చేపల దుకాణం ముందు పిల్లిలా కళ్లార్పకుండా. సెగకు కొప్పు నల్లబడింది, ఎర్రబడింది. కట్టు కదల్లేదు. మేస్త్రీ మెల్లగా నెట్టాడు. కొప్పు ఉక్కు మీద ఒక్కసారి ఊగి, నీళ్లలో రాయిలా నిండా మునిగింది.

మేస్త్రీ రెండోది రమ్మని చెయ్యి ఊపాడు. తర్వాత మూడోది. లారీ ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి ఆగలేదు. నేను బయటికి వచ్చి పైకప్పు చూశాను. పొగ ఉందా అంటే ఉంది. తెల్లగా, పలచగా, అన్నం కుండ మీది ఆవిరంత.

గేటు దగ్గర పెద్దక్క రెండు చేతులతో ఇనుప ఊచలు పట్టుకుని ఉంది. నేను అక్కడిదాకా నడిచి తల ఊపాను. ఆవిడ ఆ ఊచలు పట్టుకునే కింద కూర్చుండిపోయింది.

నా వెనకే మేస్త్రీ వచ్చాడు. కొత్త తువ్వాలు మెడలో ఉంది. బాగుందని గానీ, పొరపాటు పడ్డానని గానీ అంటాడేమోనని ఇద్దరం చూశాం.

"రేపు బేగి తెండొదినా. ఇయ్యాల్లాగ లేటు సేత్తే నా కొలిమి ఖాళీగా కూకోదు."

ఆ తర్వాత కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు ఆయన ఆ కట్టు గురించి ఎలా చెప్పేవాడో నేను చాలాసార్లు విన్నాను. "ఆడోళ్లకి తెలీక నైలాను కట్టినారు బావా. నానే, ఇదుగో ఈ యేలికి సుట్టి సూపించినాను." అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అందుకని నేను దాన్ని రిజెక్టు చేయలేకపోయాను.

మా కంపెనీలో కొప్పులు ఏళ్ల తరబడి కరిగాయి. ఆ కాంట్రాక్టరు ఇంకో ఊరు వెతుక్కున్నాడు. మేస్త్రీ చేను పచ్చగా ఉంది. పొగ ఎప్పుడూ పక్కోడి మీదే పడేదని చివరిదాకా అంటూనే ఉన్నాడు. నేను కూడా మారలేదు. తొమ్మిది ముప్పావు వస్తే వెనక్కే పంపాను. అలాంటప్పుడల్లా పెద్దక్క వచ్చి, నన్ను నాలుగు మాటలని, వాచ్‌మన్ దగ్గర టీ తాగి, కొప్పును చంకనెత్తుకుని పోయేది. రానురాను ఆ రిజెక్టులు కూడా తగ్గిపోయాయి. నిజం చెప్పొద్దూ, చివరి రెండేళ్లలో ఆవిణ్ణి చూడటమే అరుదైపోయింది. సరుకు అంత కచ్చితంగా వచ్చేది.

2008లో రిటైరయ్యాను. కంపెనీవాళ్లు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. ఆ గడియారం అప్పుడే కాస్త వెనక నడుస్తోంది, వచ్చిన రోజే సరిచేశాను. పెద్దక్క బృందం తరఫున లారీ డ్రైవరు ఒక గోనె పొట్లం ఇచ్చి వెళ్లాడు. విప్పితే కొప్పు. బ్రహ్మాండమైన కట్టు, పైన మల్లెపూల దండ.

పెందుర్తిలో మా ఇంట్లో వేలాడదీసే కాటా ఒకటి ఉంది. గ్యాస్ బండ వచ్చినప్పుడల్లా తూచి తీసుకుంటాను. నవ్వుకోండి, ఫరవాలేదు. పూలు తీసి పక్కన పెట్టి, కొప్పును కాటాకు తగిలించాను. తొమ్మిదిన్నర.

మళ్లీ తూచాను. తొమ్మిదిన్నరే.

నిజంగా బాధపడ్డాను. అన్నేళ్లలో లేనిది, నాకిచ్చిన దాంట్లోనే తక్కువా? మర్నాడు యార్డుకు ఫోను చేసి ఆవిణ్ణి పిలిపించాను.

"పెద్దక్కా, బరువు తగ్గింది."

"ఎంతొచ్చిందమ్మా?"

"తొమ్మిదిన్నర."

అవతల ఒకరు కాదు, యార్డంతా నవ్వడం వినిపించింది. "సెప్పినాన్రా, తూత్తాదని! పువ్వులు తీసి మరీ తూత్తాదని నాను సెప్పలేదేటి?" అని పెద్దక్క ఎవరితోనో అంటోంది. మళ్లీ నాతో, ఎంతో వినయంగా: "మరైతే రిజెక్టే కదమ్మా?"

"రిజెక్టే."

"రిజెక్టయితే రూలేటి? ఇచ్చినోళ్లే సొయంగా వచ్చి అట్టుకెల్లాల. నువ్వెట్టిన రూలే కదా. ఆదోరం వత్తాం. కూరొండకు, సేపలు మేవే తెత్తాం."

ఆదివారం ఆటోలో కిక్కిరిసి వచ్చారు. మా వంటింట్లో నా కత్తిపీట పదును లేదని వంకపెట్టి, తమ కత్తితోనే చేపలు కోశారు. సాయంత్రం దాకా ఉండి, వెళ్లేటప్పుడు కొప్పును తీసుకెళ్లడం మరిచిపోయారు.

ఆ కొప్పు మా గుమ్మం పక్కనే ఉంది. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతుంటాను. రిజెక్టయిన సరుకు కాబట్టి నాది కాదు. పట్టుకెళ్లాలని వాళ్లు మూడు నెలలకోసారి వస్తూనే ఉన్నారు.